మా కడవ నీళ్లు

మా ఆయన ఇమ్మానుయేల్‌కు ఒక జబ్బుంది. ఫోనులో ఎవరిదైనా మంచి ఉపన్యాసం వింటే వారం దాకా ఆ మత్తు దిగదు. పోయిన ఏడాది పిల్లల పెంపకం మీద ఎవరో పెద్దమనిషి మాట్లాడింది విన్నాడు. పిల్లలు రకరకాల మనుషుల మధ్య పెరగాలట. అన్ని మతాలవాళ్లు, అన్ని కులాలవాళ్లు, నాలుగు భాషలవాళ్లు ఉన్న వీధిలో పెరిగితేనే మనసు విశాలమవుతుందట. ఆ పెద్దమనిషి ఇంటి పక్కన ఎవరుంటారో మాత్రం ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు.

"సువార్తా, మన వీధిలో అందరూ మనోళ్లే. ఎదురింట్లో మనోళ్లు, పక్కింట్లో మనోళ్లు, అంగట్లో మనోళ్లు. పాప రేపు బయటి ప్రపంచంలోకి పోతే ఎట్లా?" అన్నాడు.

"బయటి ప్రపంచమే కదప్పా మనల్నందర్నీ తెచ్చి ఈడ కుప్పేసింది. మనమేమన్నా ఏరుకొని వచ్చినామా?" అన్నాను.

ఆయన పాలిటెక్నిక్‌లో కరెంటు పాఠాలు చెప్తాడు. వేరువేరు తీగలు కలిస్తేనే బల్బు వెలుగుతుందని ఆయన నమ్మకం. నేను పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సును. తీగలు తప్పుగా కలిసినప్పుడు ఏమవుతుందో కాలిన గాయాల వార్డులో చూసిన మనిషిని. నా నోరు మంచిది కాదని మా వాళ్లందరూ అంటారు. నిజమే, నోటికొచ్చిన మాటను లోపలే దాచుకోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు.

అయినా ఇల్లు మారడానికి ఒప్పుకున్నాను. ఎందుకంటే నాకూ ఒక ఆశ ఉంది. మా ఊరు బెళుగుప్పలో చదువుకునేటప్పుడు జ్యోతిలక్ష్మి అని నాకొక స్నేహితురాలు ఉండేది. ఇద్దరిదీ ఒకే బెంచీ. వాళ్లింటికి పోతే నేను అరుగు కింద నిలబడేదాన్ని, వాళ్లమ్మ పైనుంచి నా దోసిట్లోకి నీళ్లు పోసేది. పాపం, చల్లటి నీళ్లే పోసేది. జ్యోతిలక్ష్మి మాత్రం మా ఇంటి గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. పదో తరగతి అయిపోయేదాకా అది మామూలు విషయమే అనుకున్నాను. మామూలు కాదని తెలిసిన రోజు చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు మా హేమకు ఎనిమిదేళ్లు. దానికి ఒక్క స్నేహితురాలు కావాలి. ఆ పిల్ల మా ఇంటికి వచ్చి, నేరుగా వంటింట్లోకి నడిచి, ఎవర్నీ అడక్కుండా మా కడవలో లోటా ముంచుకుని తాగాలి. మా ఆయనకు నాలుగు మతాలు, నాలుగు భాషలు కావాలి. నాకు ఆ ఒక్క లోటా చాలు.

అట్లా ఇళ్ల వేట మొదలైంది.

మొదట చూసింది ధర్మవరం పట్టుచీరల వ్యాపారం చేసే ఒక పెద్దాయన మేడ మీది వాటా. "మాంసం వండుతారా?" అని అడిగాడు. ఆదివారాలు వండుతామన్నాం. "మా ఇంట్లో జీవహింస పనికిరాదు," అని కళ్లు మూసుకున్నాడు. ఆయన వెనక బీరువా నిండా పట్టుచీరలు. ఒక్కో చీర కోసం ఎన్ని పురుగులు వేడినీళ్లలో ఉడికాయో అడుగుదామని నోరు తెరిచాను. ఇమ్మానుయేల్ నా చేయి గిల్లి బయటికి లాక్కొచ్చాడు.

రెండో ఇంటాయన ముందు అద్దె చెప్పాడు, గాలి వెలుతురు చూపించాడు, తర్వాత పేరు అడిగాడు. పేరు వినగానే ఆ ఇల్లు నిన్ననే ఎవరో మాట్లాడుకుని పోయిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. పాపం మతిమరుపు మనిషి. అద్దెకు ఇవ్వబడును అన్న బోర్డు తీయడం కూడా మరిచిపోయాడు, అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మూడో ఇల్లు ఒక హాజీ గారిది. ఛాయ్ తాగించాడు, బిస్కెట్లు పెట్టాడు, పాప తల నిమిరాడు. "మీరు చానా మంచోళ్లుగా కనపడతాండారు మేడం. కానీ మా జమాత్‌లోనే ఒకరు అడిగినారు," అని గేటు దాకా వచ్చి మరీ సాగనంపాడు. కాదనడంలో అంత మర్యాద నేను ఎక్కడా చూడలేదు.

నాలుగోది మన క్రిస్టియన్ల ఇల్లే. ఇక్కడ అడ్డేముంటుందిలే అనుకున్నాం. "ఏ చర్చి?" అని అడిగాడు ఇంటాయన. చెప్పాం. ఆయన మొహం ముడుచుకుంది. "అట్లయితే మీది నీళ్లు చల్లే బాప్తిస్మం. మాది ముంచే బాప్తిస్మం," అన్నాడు. "ఈ కరువులో ముంచడానికి నీళ్లు యాడ తెస్తారు సార్?" అని నేను అడిగాను. ఆ ఇల్లు కూడా పోయింది.

ఇక మా వీధే మాకు గతి అనుకుంటున్న రోజుల్లో సమైక్య నగర్ దొరికింది. బుక్కరాయసముద్రం చెరువు దాటాక, ఒకప్పుడు వేరుశనగ చేలున్న చోట కట్టిన కాలనీ అది. గేటు దగ్గర పెద్ద ఆర్చీ, దాని మీద ఒక పక్క ఓంకారం, ఒక పక్క నెలవంక, నడుమ శిలువ. ఇమ్మానుయేల్ స్కూటర్ ఆపి ఆ ఆర్చీ కింద నిలబడిపోయాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకైతే చేతులెత్తి దండం పెడతాడేమోనని భయమేసింది.

కాలనీ అధ్యక్షుడు ఈశ్వరప్ప రిటైర్డ్ హెడ్మాస్టరు. పేరు అడిగాడు. అలవాటు కొద్దీ ఇమ్మానుయేల్ తల దించుకుని చెప్పాడు. ఈశ్వరప్ప కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"క్రిస్టియన్లా?"

"అవును సార్."

"ఎంత చల్లని మాట చెప్పినావప్పా!" అని ఆయన మా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆర్చీ మీద శిలువ వేయించి రెండేండ్లాయె. శిలువ ఉండాది, మనుషులే లేరు. బెంగళూరు ట్రస్టు వాళ్లు ఆదర్శ సమైక్య కాలనీ అని ఏటా ఒక బహుమతి ఇస్తారు. పోయినేడు కమిటీ వచ్చి ‘ఇంతకూ మీ క్రిస్టియన్ యాడ?’ అని అడిగినారు. నాకు తల కొట్టేసినట్లాయె. ఆ ఒక్క కొరతకే బహుమతి పోయె."

పుట్టిన్నాటినుంచీ మేము ఎక్కువయ్యామనే విన్నాను. మేము కొరత పడ్డామని వినడం అదే మొదటిసారి. మేము ఏ కులంలోంచి క్రిస్టియన్లమయ్యామో ఆయన అడగలేదు. ఈ జిల్లాలో అది అడగనక్కర్లేదు, అడక్కుండానే అందరికీ తెలుసు. అడక్కపోవడాన్ని మర్యాద అంటారు.

గేటు పక్కనే మొదటి ఇల్లు మాకిచ్చారు. దాని యజమాని నరేంద్ర బెంగళూరులో ఉంటాడు. పెరట్లో పాత బోరు ఒకటి ఉంది, ఆ నేల చేనుగా ఉన్నప్పుడు వేసినది. మేము సామాను దించుతుంటే ఈశ్వరప్ప నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ఏసుక్రీస్తు పటం. "ఎప్పుడో కొని అసోసియేషన్ రూములో పెట్టినాం. ఇయ్యాల ఆయనకు ఇల్లు దొరికినాది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పటం మీద రెండేళ్ల దుమ్ము ఉంది.

ఆ గుంపులో సన్నగా, తెల్ల గడ్డంతో ఉన్న ఒకాయన వెనక ఆగిపోయాడు. ఆయన ఫక్రుద్దీన్, కాలనీలో ఉన్న ఒకే ఒక్క ముస్లిం. చిన్నగా నవ్వి, "మీరు వచ్చినారు, నాకు సగం బరువు తగ్గినాది మేడం," అన్నాడు. "రిపబ్లిక్ డే, ఆగస్టు పదిహేను, వినాయకచవితి, అన్నిటికీ నేనే స్టేజీ ఎక్కాల. ఒకటే ఉపన్యాసం, అన్నీ ఒకటే మతాలని. ఇంగ సగం మీరు చెప్పండి."

ఆ సగం మా ఆయన సంతోషంగా ఎత్తుకున్నాడు. ఉగాదికి మాట్లాడాడు, గణపతి మంటపం దగ్గర మాట్లాడాడు, దసరాకు మాట్లాడాడు. ప్రతిసారీ ఫోటోలో ఆయన్నీ ఫక్రుద్దీన్‌నీ ఈశ్వరప్పకు చెరో పక్కన నిలబెట్టేవాళ్లు. ఇంటికొచ్చి ఆ ఫోటోలు నాకు చూపించి, "చూసినావా సువార్తా, మనం అనుకున్న వీధి దొరికినాది," అనేవాడు.

నేను మాత్రం మా వంటింటి వైపే చూస్తున్నాను.

హేమకు స్నేహితురాలు దొరికింది. ఎదురింటి తిప్పమ్మవ్వ మనవరాలు. ఆ పిల్లను అశ్విని అందాం, అసలు పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. బడి నుంచి రాగానే ఇద్దరూ మా వరండాలో చేరేవాళ్లు. అచ్చనగాయలు, బొమ్మలు, పోట్లాటలు, మళ్లీ అచ్చనగాయలు. అశ్విని మెడలో ఎప్పుడూ ఒక నీళ్ల బాటిల్ వేలాడుతుండేది. రోడ్డు దాటి ఎదురింటికి ఆడుకోవడానికి వచ్చే పిల్లకు నీళ్ల బాటిల్ ఎందుకు? లేపాక్షి నందిని చూడ్డానికి పోయే యాత్రికుల పిల్లలకైతే కావాలి గానీ.

తిప్పమ్మవ్వను అడిగేశాను. ఆమెకు షుగరు. రోజూ పొద్దున మా వరండాలోకి వచ్చి నా చేత ఇన్సులిన్ వేయించుకుంటుంది.

"మా పాపకు నీళ్లు మారితే జలుబు చేస్తాది నర్సమ్మా," అంది, చీర పక్కకు జరిపి పొట్ట చూపిస్తూ.

నా చేతి సూది ఆమె ఒంట్లోకి పోతుంది. నా చేతి నీళ్లకే జలుబు. సూది నొప్పి తెలియకుండా వేస్తానని కాలనీ అంతా నాకు పేరు. ఆ రోజు మాత్రం కొంచెం తెలిసేట్టే వేశాను.

ఎండలు ముదరకముందే కాలనీ బోరు ఎండిపోయింది. మా పెరటి బోరు మాత్రం పోస్తూనే ఉంది. ఇమ్మానుయేల్ పరుగున పోయి పొడుగు పైపు కొనుక్కొచ్చాడు. మోటారుకు తగిలించి గోడ మీదుగా రోడ్డు మీదికి వేశాడు. పొద్దునా సాయంత్రం కాలనీ అంతా బిందెలు తెచ్చి పట్టుకునేది. గేటు తీసుకుని లోపలికి రండి అంటే ఎవరూ రాలేదు. "పైపు ఉండాది కదా, మీకెందుకు తొందర," అనేవాళ్లు.

అప్పుడు ఒక వింత జరిగింది. మా బోరు నీళ్లు పైపులో గోడ దాటి తిప్పమ్మవ్వ బిందెలోకి పోయేవి. ఆ బిందెలోంచి అశ్విని బాటిల్లోకి దిగేవి. ఆ బాటిల్ మెడలో వేసుకుని అశ్విని మళ్లీ రోడ్డు దాటి వచ్చి, మా వరండాలో కూర్చుని, మా నీళ్లే తాగేది. జలుబు మాత్రం చేయలేదు.

ఇది చెప్పి నేను పగలబడి నవ్వితే ఇమ్మానుయేల్ నవ్వలేదు. "కాలం పడుతుంది సువార్తా," అన్నాడు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది.

రంజాన్ నెలలో కమిటీ వస్తుందని కబురొచ్చింది. ముందు రోజు సాయంత్రం ఈశ్వరప్ప అట్టపెట్టెల నిండా సీలు బాటిళ్లు మోయించుకుని వచ్చాడు.

"రేపు కమిటీ ముందర మీ ఇంట్లో అందరం కూచ్చోని నీళ్లు తాగుతాం మేడం. మీ చేత్తోనే మీరు ఇయ్యాల. దానికి మించిన సమైక్యత ఏముండాది?"

"మా ఇంట్లో నీళ్లుండాయి కద సార్. బాటిళ్లు ఏంటికి?"

"ఆరోగ్యం మేడం, ఆరోగ్యం. నర్సుకు నేను చెప్పాల్నా?"

"మీరందరూ తాగుతాండేది మా బోరు నీళ్లే కద సార్?"

ఆయన వరండాలో నిలబడే, లోపల గోడ మీది ఏసుక్రీస్తు వైపు చూశాడు. "అది పైపు మేడం," అన్నాడు.

సరేనని తల ఊపాను. ఆయన పోయాక అట్టపెట్టెలన్నీ మంచం కిందికి తోశాను.

మర్నాడు మధ్యాహ్నం మా హాలు నిండిపోయింది. ఈశ్వరప్ప, తిప్పమ్మవ్వ, ఫక్రుద్దీన్, ఇంకా కాలనీలో పేరున్న వాళ్లందరూ చాపల మీద కూర్చున్నారు. వచ్చి ఇన్నాళ్లయినా వాళ్లు మా గడప లోపలికి రావడం అదే మొదలు. కమిటీ తరఫున నేత చీర కట్టుకున్న ఒకావిడ, కెమెరా పట్టుకున్న ఒకతను వచ్చారు. నేను వంటింట్లోకి పోయి, కడవలోంచి స్టీలు గ్లాసుల నిండా నీళ్లు నింపి, పళ్లెంలో పెట్టి తెచ్చాను. ఒక్కొక్కరికీ నా చేత్తోనే ఇచ్చాను. ఈశ్వరప్ప కళ్లు బాటిళ్ల కోసం హాలంతా వెతికాయి. కమిటీ ఆవిడ ముందు అడగలేక గ్లాసు పట్టుకున్నాడు.

"ఎంత బాగుంది! అందరూ ఒకేసారి తాగండి. సహజంగా ఉండాలి," అందావిడ.

మా వైపు గ్లాసు మూతికి ఆనించరు, పైకెత్తి పోసుకుంటారు. అందరూ ఎత్తారు. తలలు వెనక్కి వాల్చారు, నోళ్లు తెరిచారు. గ్లాసు ఒక్కటీ వంగలేదు. ఒక్క చుక్క కింద పడలేదు, నోట్లోనూ పడలేదు. తిప్పమ్మవ్వ గుటక కూడా వేసింది, ఉత్త గుటక. కెమెరా టకటకా కొట్టింది. ఫక్రుద్దీన్ ఒక్కడే గ్లాసు ఎత్తకుండా ఒళ్లో పెట్టుకుని, "రోజా ఉన్నాను," అన్నాడు. కమిటీ ఆవిడ తన సంచిలోంచి సొంత బాటిల్ తీసి తాగింది. ఆవిడకూ ఆరోగ్యం కాబోలు.

చివర్లో ఇమ్మానుయేల్ వందన సమర్పణ చేశాడు. ఆయనకు కనపడలేదో, కనపడనట్టు ఉండటం నేర్చుకున్నాడో నాకు తెలియదు.

అందరూ పోయాక చాపల మీద గ్లాసులు మిగిలాయి. అన్నీ నిండుగా ఉన్నాయి. హేమ వాటి మధ్య నిలబడి, "అమ్మా, వీళ్లకు దప్పిక కాలేదా?" అని అడిగింది. నాకు కోపం రావలసింది. ఏడుపొచ్చింది. ఇమ్మానుయేల్ కింద కూర్చుని ఒక్కో గ్లాసే ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. నీళ్లు పారబోయడం ఆయన వల్ల కాదు, ఈ నేల మీద పుట్టినవాడు కదా. కడుపు నిండాక ఆగి, "నీళ్లు బాగానే ఉండాయి కదా సువార్తా," అన్నాడు.

పొద్దుగూకి, దూరంగా మసీదులో మగ్రిబ్ అజాన్ అయ్యాక తలుపు చప్పుడైంది. ఫక్రుద్దీన్. చేతిలో ఖర్జూరం పండు.

"నా గ్లాసు పారబోసినారా మేడం?"

ఆయన గ్లాసు ఇచ్చాను. చాప మీద కూర్చుని, ఖర్జూరం కొరికి, ఆ నీళ్లు చివరి చుక్క దాకా తాగాడు. లేచి చెప్పులేసుకుంటూ రోడ్డు అటూ ఇటూ చూసి పోయాడు.

మర్నాడు పొద్దున పైపు విప్పి చుట్టి లోపల పెట్టేశాను. మొదట వచ్చింది తిప్పమ్మవ్వే, ఒక చంకలో బిందె, ఒక చేతిలో ఇన్సులిన్. సూది వేశాక గోడ వైపు చూసింది.

"పైపు ఏమైనాది నర్సమ్మా?"

"పైపు లేదవ్వా, నీళ్లుండాయి. లోపలికి వచ్చి మా కడవలో ఒక లోటా తాగు. ఆమైన ఎన్ని బిందెలన్నా పట్టుకో. ఎవరికైనా ఇదే మాట."

ఆమె చీర సర్దుకుని ఖాళీ బిందెతో వెళ్లిపోయింది. కాసేపటికి ఈశ్వరప్ప వచ్చి గేటు బయటే నిలబడ్డాడు.

"నీళ్లతో రాజకీయం చేయకూడదు మేడం."

"నేనేం చేసినా సార్? నిన్న ఫోటోలో చేసింది, ఇయ్యాల ఫోటో లేకుండా చేయమంటాండా. అంతే కదా."

ఆ సాయంత్రం సమైక్య నగర్‌లో నిజమైన సమైక్యత ఎట్లా ఉంటుందో మా వాకిట్లోంచి చూశాను. చెత్త ఎవరి వాకిట్లో పడిందని పోట్లాడుకుని ఏళ్ల తరబడి మాటల్లేని వాళ్లు అసోసియేషన్ రూము ముందర పక్కపక్కన కూర్చున్నారు. ఒకరి కులాన్ని ఒకరు చాటుగా తిట్టుకునే వాళ్లు ఒకరి మాటకు ఒకరు తలలూపారు. మా కడవ దగ్గరికి రావడం కంటే ట్యాంకరు తెప్పించుకోవడం మేలని అందరూ ఒక్క గొంతుతో తీర్మానించారు. మా ఆయన విన్న ఉపన్యాసంలో చెప్పిన ఐక్యత ఇదే అయ్యుంటుంది. మమ్మల్ని ఒక్కర్నే పిలవలేదు.

ఫక్రుద్దీన్ మా గేటు దగ్గర ఆగాడు. "నేను కూడా చేయి ఎత్తినా మేడం. మీ ఇంట్లో తాగినానని ఆడ చెప్పలేకపోయినా. ఈ కాలనీలో నేను ఒక్క ఇల్లు," అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

ట్యాంకరు వచ్చింది. తిప్పమ్మవ్వ అశ్వినిని మా ఇంటికి పంపడం మానేసింది. తను మాత్రం సూదికి రావడం మానలేదు. ఆ సంగతి వేరట.

హేమ వరండాలో ఒక్కతే అచ్చనగాయలు ఎగరేసుకునేది. రెండు చేతులతో రెండు ఆటలూ తనే ఆడేది. ఒకరోజు కాయలన్నీ విసిరికొట్టి, "నీవల్లే అశ్విని రాదు. నీ నోటివల్లే," అంది. నా పట్టుదలకు మూల్యం నా బిడ్డ కడుతోంది. పైపు మళ్లీ వేసేద్దామా అని మొదటిసారి అనిపించింది. ఇమ్మానుయేల్‌తో అంటే, ఆశ్చర్యం, ఆయనే వద్దన్నాడు. "ఆ గ్లాసులు తాగినోణ్ణి నేను. ఇంగ వద్దు," అన్నాడు. ఆయన ఫోనులో ఉపన్యాసాలు వినడం మానేసి అప్పటికే వారమైంది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాను. వంటింట్లో చప్పుడైంది. పిల్లి దూరిందేమోనని లేచి పోయాను. పెరటి వైపు తలుపు తెరిచి ఉంది. అశ్విని మా కడవ దగ్గర నిలబడి ఉంది. మెడలో బాటిల్ లేదు. మొహమంతా చెమట. లోటా ముంచుకుని గటగటా తాగుతోంది. నీళ్లు గడ్డం మీదుగా కారి గౌను తడిసిపోయింది. పక్కన హేమ అచ్చనగాయలు పట్టుకుని నవ్వుతోంది.

నేను గోడకు ఆనుకున్నాను. నా బెళుగుప్ప రోజులన్నీ ఆ లోటాతో కడిగినట్టైంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఫోటో తీయలేదు. పిల్లకు దప్పికైంది, తాగింది.

అశ్విని నన్ను చూసి లోటా కింద పెట్టింది. "ఆంటీ, మా అవ్వకు చెప్పద్దండి," అంది.

"మా అమ్మ చెప్పదులే," అంది హేమ వెంటనే. ఆ మాట దాని నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో!

"చెప్పనులే గానీ," అన్నాను, "ఈసారి ముందు తలుపు నుంచి రా తల్లీ. దొంగ మాదిరి ఏంటికి?"

అశ్విని నన్ను తెలివితక్కువ దాన్ని చూసినట్టు చూసింది. "ముందునుంచి వస్తే కనపడతాది కద ఆంటీ!"

అప్పటినుంచి రోజూ వచ్చేది. చుట్టూ తిరిగి, కంచెగా వేసిన ముళ్లకంప దాటి, పెరట్లోంచి.

బహుమతి మాకే వచ్చింది. మాకే అంటే సమైక్య నగర్‌కు. మా హాలులో తీసిన ఫోటో చూసి కమిటీ వాళ్లు ముచ్చటపడ్డారట. ఈశ్వరప్ప నల్లరాతి పలక చెక్కించి తెచ్చాడు. గేటు పక్కన మొదటి ఇల్లు మాదే కాబట్టి, వచ్చేపోయే వాళ్లకు కనపడేట్టు మా ముందు తలుపు పక్కన గోడకు బిగించాలట. అందరూ మా వాకిట్లో నిలబడ్డారు. తిప్పమ్మవ్వ అశ్విని భుజం పట్టుకుని ముందు వరసలో ఉంది. హేమ నా చేయి పట్టుకుని నిలబడింది.

పలక బిగిస్తుంటే ఈశ్వరప్ప, "జరిగింది మరిచిపోదాం మేడం. మన కాలనీలో భేదాలు లేవు," అన్నాడు.

తిప్పమ్మవ్వ ఊరుకోలేదు. మా నీళ్లకు తను లొంగలేదని పదిమందిలో అనిపించుకోవాలి కదా. "భేదాలు లేవు నాయనా, కానీ ఎవరి పద్ధతి వాళ్లది. నర్సమ్మ ఎన్ని షరతులు పెట్టినా మా ఇంటోళ్లు ఆ కడవలో చుక్క తాగలే. నేను తాగలే, మా పిల్ల తాగలే. ఏం నర్సమ్మా, తాగినామా?"

మాట నా నాలుక మీదే ఉంది. రోజూ తాగుతుందవ్వా, మీ పిల్ల, లోటా ముంచుకుని మరీ తాగుతుంది. ఈ ఒక్క మాట చాలు, తిప్పమ్మవ్వ మొహం, ఈశ్వరప్ప పలక, ఆర్చీ మీది బొమ్మలు, అన్నీ ఒక్క దెబ్బకు పగిలిపోయేవి. ఇంత మంచి జవాబు నా బతుకులో ఎప్పుడూ దొరకలేదు. ఇమ్మానుయేల్ ఈసారి నన్ను గిల్లలేదు. చెప్పు అన్నట్టు చూశాడు.

హేమ గోళ్లు నా అరచేతిలో దిగాయి. అశ్విని నన్నే చూస్తోంది.

"లేదవ్వా," అన్నాను. "మీ పిల్ల మా ఇంట్లో చుక్క తాగలేదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను పుట్టాక మింగిన మొదటి మాట అది, ఇప్పటికీ గొంతులోనే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పెరట్లో కంప కదిలిన చప్పుడైంది. నేను లేచి పోయి, రోడ్డు మీదినుంచి ఎవరికీ కనపడకుండా ముందు తలుపు మూసి గడియ పెట్టాను. తర్వాత వంటింట్లోకి వచ్చి కడవ మీద మూత తీసి పెట్టాను.